పక్కకు ఒత్తిగిలితే ఇల్లు గిర్రున తిరుగుతోంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నా వయసు 56 సంవత్సరాలు. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాము. ఎనిమిది నెలల క్రితం ఒక రోజు తెల్లవారుజామున మంచం మీద కుడి పక్కకు ఒత్తిగిలగానే, పైన ఫ్యానుతో సహా గది మొత్తం గిర్రున తిరిగిపోయింది. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకున్నాను. అర నిమిషంలో తగ్గింది కాని ఆ రోజంతా వికారంగానే ఉంది. అప్పటి నుంచి వారంలో నాలుగైదు రోజులు ఇదే తంతు. అటక మీది డబ్బా అందుకోవడానికి తల పైకెత్తినా, దండెం మీద బట్టలు ఆరవేసినా అలాగే అవుతోంది. మిగతా సమయంలో పడవలో నిలబడినట్లు కొంచెం తూలుగా ఉంటుంది. మా ఫ్యామిలీ డాక్టరు గారు బీపీ, షుగరు చూసి బాగానే ఉన్నాయన్నారు. ఎముకల డాక్టరు గారు మెడకు ఎక్స్-రే తీయించి, ఎముకలు అరిగాయని కాలరు పెట్టుకోమన్నారు. నరాల డాక్టరు గారు ఎం.ఆర్.ఐ. తీయించి మెదడులో ఏమీ లేదన్నారు. బీటాహిస్టీన్ మాత్రలు ఎనిమిది నెలలుగా వాడుతున్నాను. మా అత్తగారు పైత్యమని అల్లం మురబ్బా తినిపిస్తున్నారు, మా వారేమో నాది ఉత్త భయమంటున్నారు. చెవి డాక్టరుకు చూపించుకోమని ఒక బంధువు చెప్పింది. నాకు చెవిపోటు లేదు, చీము లేదు, బాగానే వినపడుతుంది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్లడంలో అర్థముందా? ఉంటే, ఇన్ని బోర్డులున్న ఊళ్లో తగిన డాక్టరును ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అర్థముంది అమ్మా. ఎనిమిది నెలల కిందటే వెళ్లి ఉంటే ఇంకా బాగుండేది. మీ ఉత్తరంలో “కుడి పక్కకు ఒత్తిగిలగానే” అన్న మాట, “అర నిమిషంలో తగ్గింది” అన్న మాట చదవగానే నాకు కలిగిన అనుమానం చివరిదాకా చదివినా మారలేదు. ముగ్గురు డాక్టర్లు చూశారు, ఎవరి పరిధిలో వారు పరీక్షలు చేయించారు. కాని ఏం చేస్తుంటే వస్తోంది, వచ్చినప్పుడు ఎంతసేపు ఉంటోంది అన్న రెండు ప్రశ్నలు మిమ్మల్ని ఎవరైనా అడిగినట్లు మీ ఉత్తరంలో కనిపించదు.

కళ్లు తిరగడమనే మాటలో మనవాళ్లు ఎన్నో కలిపేస్తారు. మండుటెండలో క్యూలో నిలబడి సొమ్మసిల్లబోయిన మనిషి, ఉపవాసం నాడు నీరసపడ్డ ఇల్లాలు, ఇల్లు బొంగరంలా తిరిగిందని భయపడ్డ మీరు, అందరూ చెప్పేది ఆ ఒక్క మాటే. బైర్లు కమ్మాయా, తల దిమ్ముగా ఉందా, తూలుతోందా, గిర్రున తిరిగిందా అని విడదీసి అడిగి, దానిని బట్టి జబ్బును పోల్చుకోవాలని మేము చదువుకున్న రోజుల్లో నేర్పేవారు. అందులో కొంత నిజముంది. అయితే గిర్రున తిరిగిందని చెప్పిన మనిషే పది నిమిషాల తరువాత తూలుగా ఉందని చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మాటలు మారినంత తేలికగా ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నవి మారవు. తల ఒక తీరున కదిపినప్పుడే వచ్చి, నిమిషం లోపల పోయే తిప్పుడు ఒక రకం. ఏమీ చేయకుండానే వచ్చి గంటల తరబడి ఉండేది ఇంకొక రకం. ఒక్కసారిగా మొదలై రోజుల తరబడి మంచం దిగనివ్వనిది మూడో రకం. మీది స్పష్టంగా మొదటి రకం, ఆ రకానికి అత్యంత సాధారణమైన కారణం లోపలి చెవిలోనే ఉంటుంది.

లోపలి చెవి పని వినికిడి ఒక్కటే కాదు. నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగం వినడానికి, దానికి ఆనుకుని ఉన్న భాగం శరీరం నిలకడ తప్పకుండా చూడడానికి. పాఠ్యపుస్తకాల్లో అర్ధవర్తుల కుల్యలని చదువుకున్న మూడు సన్నటి వంపు గొట్టాలు ఆ రెండో భాగంలోనివే. వాటిలో నిండి ఉన్న ద్రవం తల తిరిగినప్పుడు కదిలి, తల ఎటు తిరిగిందో మెదడుకు తెలియజేస్తుంది. ఆ గొట్టాల మొదట్లో యూట్రికిల్ అనే చిన్న సంచి ఉంటుంది. అందులో జిగురులాంటి పొర మీద కాల్షియం కార్బనేటు రేణువులు, అంటే ముగ్గుపిండిలాంటి సున్నపు నలుసులు, అతుక్కుని ఉంటాయి. వయసు మీద పడడం వల్లనో, తలకు దెబ్బ తగలడం వల్లనో, కొన్నిసార్లు ఏ కారణమూ దొరకకుండానో ఆ నలుసులు కొన్ని ఊడి గొట్టంలోకి జారుతాయి. ఎక్కువగా వెనుక గొట్టంలోకే జారుతాయి, ఎందుకంటే మనిషి నిలబడినా వెల్లకిలా పడుకున్నా మూడింటిలో అడుగున ఉండేది అదే. మీరు పక్కకు ఒత్తిగిలినప్పుడు ఆ నలుసులు దొర్లి ద్రవాన్ని లాగుతాయి, తల ఆగిపోయినా ఇంకా తిరుగుతోందని ఆ చెవి మెదడుకు కబురు పంపుతుంది. రెండో చెవి, కళ్లు, కాళ్లు అలాంటిదేమీ లేదంటాయి. ఈ తగాదాయే మీరు చూసిన గిరగిర. నలుసులు అడుగుకు చేరి ఆగగానే అదీ ఆగుతుంది, అందుకే అర నిమిషం. దీనిని బినైన్ పెరాక్సిస్మల్ పొజిషనల్ వర్టిగో అంటారు, మేమంతా వాడే పొట్టి పేరు బి.పి.పి.వి. యాభై దాటిన స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. చెవిపోటు, చీము, వినికిడి లోపం దీనిలో ఉండవు కనుక, చెవి బాగానే ఉందని మీరు అనుకోవడంలో మీ తప్పేమీ లేదు.

ఎం.ఆర్.ఐ.లో ఏమీ లేదని చెప్పడమూ అబద్ధం కాదు. ఆ యంత్రానికి ఈ నలుసులు కనపడవు, అంతే. ఇక మెడ ఎక్స్-రే సంగతి. యాభై దాటిన పదిమందిని వరసగా నిలబెట్టి మెడకు ఎక్స్-రే తీస్తే చాలామందిలో అరుగుదల కనిపిస్తుంది, వారిలో ఎక్కువమందికి కళ్లు తిరగవు. ఎక్స్-రేలో ఏదో కనిపించినంత మాత్రాన జబ్బుకు అదే కారణమని తేల్చేయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. కాలరు పెట్టుకున్న రోజుల్లో మీకు కొంత తగ్గినట్లు అనిపించి ఉంటే అది మెడ బాగుపడి కాదు, తల కదపనివ్వలేదు కనుక. మీ వారి మాటకు వస్తే, ఏ క్షణాన ఇల్లు తిరుగుతుందో తెలియని మనిషికి భయం కలగడం సహజం. ఆ భయం జబ్బు వల్ల వచ్చిందే కాని, జబ్బు భయం వల్ల రాలేదు. మీ అత్తగారి అల్లం మురబ్బా వికారానికి కొంత పనిచేస్తుంది, తినండి.

దీనిని నిర్ధారించే పరీక్షకు యంత్రం అక్కరలేదు, ఒక బల్ల చాలు. మిమ్మల్ని బల్ల మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు కుడికి తిప్పి, అలాగే పట్టుకుని చప్పున వెనక్కు పడుకోబెడతారు. తల బల్ల అంచు దాటి కొంచెం కిందికి వేలాడుతుంది. కళ్లు మూయవద్దని చెప్పి డాక్టరు వాటినే చూస్తూ ఉంటారు. దీనిని 1952లో మార్గరెట్ డిక్స్, చార్ల్స్ హాల్‌పైక్ అనే ఇద్దరు వైద్యులు వివరించారు, వారి పేర్లతోనే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటారు. ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. ప్రాక్టీసు పెట్టిన మొదటి సంవత్సరాల్లో నేనూ అందరిలాగానే మాత్రలు రాసి పంపేవాణ్ణి. ఈ పరీక్ష గురించి చదివాను కాని, చేసే ఓపిక చూపలేదు. మొదటిసారి శ్రద్ధగా చేసింది రైతుబజారులో ఆకుకూరలు అమ్ముకునే ఒకావిడకు. తల వేలాడదీయగానే ఏమీ కాలేదు. నేను మనసులో ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాను. అయిదు దగ్గర ఆవిడ నా ముంజేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. అదే క్షణాన రెండు కళ్లూ బల్ల వైపున్న చెవి దిక్కుకు మెలితిరుగుతూ, పైకి పైకి కొట్టుకోవడం మొదలుపెట్టాయి, వలలో పడ్డ చేపలాగా. ఇరవై సెకన్లు అలా కొట్టుకుని, మెల్లగా నెమ్మదించి ఆగిపోయాయి. దానిని నిస్టాగ్మస్ అంటారు. రెండేళ్లుగా నరాల బలహీనత అని సూదులు వేయించుకుంటున్న మనిషి జబ్బు ఆ ఇరవై సెకన్లలో కళ్ల ముందుకు వచ్చింది.

చికిత్స కూడా అదే బల్ల మీద. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ అనే చెవి వైద్యుడు 1992లో ప్రచురించిన పద్ధతి ఇది. పడుకోబెట్టిన స్థితి నుంచి తలను, తరువాత శరీరాన్ని క్రమంగా అవతలి పక్కకు తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గర అర నిమిషానికి తక్కువ కాకుండా ఆపి, చివరికి లేపి కూర్చోబెడతారు. గొట్టంలోని నలుసులు ఒంపు వెంట దొర్లి, తాము ఊడివచ్చిన సంచిలోకే పడిపోతాయి. మొత్తం అయిదారు నిమిషాల పని. ఒకటి రెండుసార్లు చేస్తే పదిమందిలో ఏడెనిమిదిమందికి తగ్గిపోతుంది. మీకు ఎడమ పక్కకు తిరిగినా అంతే తీవ్రంగా వస్తుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అప్పుడు నలుసులు అడ్డంగా ఉండే గొట్టంలో ఉన్నాయని అనుమానించి, వెల్లకిలా పడుకోబెట్టి తలను రెండు పక్కలకూ తిప్పి చూస్తారు, దానికి తిప్పే పద్ధతి కూడా వేరు. ఏ చెవో, ఏ గొట్టమో తేలకుండా ఫోనులో వీడియో చూసి ఇంట్లో చేసుకోవద్దని చెప్పేది అందుకే. ఒకసారి తేలిన తరువాత, డాక్టరు దగ్గరుండి నేర్పితే ఇంట్లో చేసుకోవడంలో తప్పులేదు. మెడకు ఆపరేషన్ జరిగినవారు, మెడ రక్తనాళాల జబ్బు ఉన్నవారు ముందుగానే చెప్పాలి. వారికి తల వేలాడదీయకుండా పక్కకు వాలుస్తూ చేసే పద్ధతులున్నాయి.

తగ్గిన తరువాత కొద్దిరోజులు ఆ పడవలో ఉన్నట్లుండే తూలు మిగలవచ్చు, దానికి భయపడనక్కరలేదు. కొందరిలో జబ్బు కొన్నేళ్లకు తిరిగి వస్తుంది, వచ్చినా మళ్లీ అదే చికిత్స. రక్తంలో డి విటమిన్ తక్కువగా ఉన్నవారికి దానిని సరిచేస్తే తిరిగి రావడం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది కనుక, ఆ పరీక్ష ఒకటి చేయించుకోండి. విజయవాడ ఎండలో బతుకుతూ డి విటమిన్ లోపమేమిటని నవ్వుకోవద్దు. ఎండ కన్నెరగని వంటగదుల్లో రోజులు గడిపే ఇల్లాళ్లలో అది చాలా మామూలు.

మాత్రల గురించి కొంత కటువుగానే చెప్పాలి. గొట్టంలో పడ్డ నలుసును బీటాహిస్టీన్ బయటికి తీయలేదు. ఆ మందు వాడే జబ్బు వేరే ఉంది, దాని సంగతి తరువాతి ఉత్తరంలో వస్తుంది. అంతకంటె నన్ను కలవరపెట్టేది మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని నెలల తరబడి మింగే ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరజీన్ మాత్రలు. తీవ్రంగా తిరిగి వాంతులవుతున్న రెండు మూడు రోజులకు అవి ఉపకారం చేస్తాయి. ఆ తరువాత కూడా వాడితే, చెవి చేసిన పొరపాటుకు మెదడు తనంతట తాను సర్దుకునే శక్తిని మందగింపజేస్తాయి. వయసు మళ్లినవారిలో చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం వంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా తెస్తాయి. మీరు వాడుతున్న మాత్రలను సొంతంగా ఆపవద్దు, చీటీ తీసుకువెళ్లి కొత్త డాక్టరును అడగండి. పరీక్షకు ముందు ఏది ఎన్నాళ్లు ఆపాలో కూడా వారే చెప్పాలి.

ఇక మీ రెండో ప్రశ్న. విజయవాడ సూర్యారావుపేటలోను, గుంటూరు కొత్తపేటలోను ఏ వీధిలో తలెత్తినా డాక్టర్ల బోర్డులే. బోర్డు మీద ముందుగా చూడవలసింది ఈ.ఎన్.టి.లో ఎం.ఎస్., డి.ఎన్.బి., డి.ఎల్.ఓ. వంటి అర్హత, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంఖ్య. “వర్టిగో స్పెషలిస్టు” అని రాసుకున్నంత మాత్రాన అది అర్హత కాదు. అయితే అర్హత ఒక్కటే సరిపోదు. ఈ.ఎన్.టి. డాక్టర్లలో కొందరి చేయి సైనస్ ఆపరేషన్లలో, కొందరిది కర్ణభేరి అతికించడంలో, కొందరిది గొంతు జబ్బుల్లో తిరిగి ఉంటుంది. తల తిప్పుడు మీద శ్రద్ధ పెట్టేవారు వారిలో కొందరే. ఆ కొందరిని కనిపెట్టడానికి నేను చెప్పే ఉపాయం, అపాయింటుమెంటు కోసం ఫోను చేసినప్పుడే రిసెప్షన్‌లో ఒక మాట అడగడం: “కళ్లు తిరిగేవారిని బల్ల మీద పడుకోబెట్టి కళ్లు చూసే పరీక్ష, ఎప్లీ చికిత్స డాక్టరు గారు చేస్తారా?” చేసే చోట “చేస్తాం, తోడు ఎవరినైనా తెచ్చుకోండి, కడుపు నిండా తిని రావద్దు” అనే జవాబు వస్తుంది. “ముందు స్కాన్ తీయించుకుని రండి” అనే జవాబు వస్తే ఇంకో నంబరుకు ఫోను చేయండి.

డబ్బు ఇబ్బంది ఉన్నవారికి విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఈ.ఎన్.టి. విభాగాలున్నాయి, మంగళగిరి ఎయిమ్స్‌లో కూడా ఉంది. ఉదయం ఓ.పి.లో వేచి ఉండే ఓపిక మాత్రం కావాలి. వినికిడి పరీక్ష చేసేది ఆడియాలజిస్టు, వారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. వి.ఎన్.జి. అనే పరీక్ష గురించి కూడా వింటారు. కళ్లద్దాల వంటి కెమెరాలు తగిలించి కంటి కదలికలను కంప్యూటరులో నమోదు చేసే పరీక్ష అది. అందులో ఒక భాగంగా చెవిలోకి వేడి, చల్లని నీరో గాలో పంపిస్తారు. చెవులు కడిగేటప్పుడు నీళ్లు చల్లగా ఉంటే రోగుల కళ్లు ఒక దిక్కుకు, వేడిగా ఉంటే ఇంకో దిక్కుకు కొట్టుకోవడం వియన్నాలో రాబర్ట్ బరానీ గమనించడంతో పుట్టిన పరీక్ష ఇది. ఆయనకు 1914 నోబెల్ బహుమతి వచ్చింది, ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నారు. జబ్బు తేలనివారికి వి.ఎన్.జి. ఎంతో ఉపయోగం. బల్ల మీద తేలిపోయే మీలాంటివారికి మాత్రం అది తప్పనిసరి కాదు కనుక, చేయి పెట్టి చూడకముందే అన్ని పరీక్షలూ కలిపిన ప్యాకేజీ అంటగట్టబోతే ఎందుకని అడగండి. అడగడం అమర్యాద కాదు.

వెళ్లేటప్పుడు పాత ఫైలు మొత్తంతో పాటు ఒక కాగితం మీద మొదటిసారి ఎప్పుడు వచ్చింది, ఏ పక్కకు తిరిగితే వస్తోంది, ఎన్ని సెకన్లు, వినికిడిలో హోరులో మార్పు ఉందా, తలనొప్పి ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు అని రాసుకుని వెళ్లండి. ఇంకొకటి మీ వారికి అప్పగించండి. రేపు తెల్లవారుజామున మీకు తిరిగినప్పుడు కళ్లు మూసుకోకుండా బలవంతంగా తెరిచి ఉంచితే, ఆయన ఫోను లైటు వేసి మీ రెండు కళ్లు కనపడేలా దగ్గరగా వీడియో తీయాలి. బల్ల మీద ఆ రోజు ఏమీ బయటపడకపోయినా, ఆ అర నిమిషం వీడియో చూసి డాక్టరు చెప్పగలిగేది చాలా ఉంటుంది. మీది ఉత్త భయమో కాదో మీ వారికీ తెలుస్తుంది.

పరీక్ష చేయకుండా ఉత్తరంలో ఖాయం చేయడం ఏ డాక్టరుకూ తగదు. బల్ల మీద కళ్లు కదలకపోతే మైగ్రేన్ వల్ల వచ్చే తిప్పుడును, మొదట వచ్చిన జబ్బు తగ్గినా మెదడులో నిలిచిపోయే దీర్ఘకాలపు తూలును కూడా చూడాలి. రెండింటికీ చికిత్స ఉంది. కాని కళ్లు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక వస్తువు రెండుగా కనపడడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, ఆసరా లేనిదే నిలబడలేకపోవడం వంటివి ఏ ఒక్కటి వచ్చినా చెవి డాక్టరు కోసం వెతకవద్దు. 108కు ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్లాలి. అది పక్షవాతమైతే రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. అలాగే ఒక చెవి ఉన్నట్లుండి వినపడకుండా పోతే గులిమి అడ్డుపడిందేమోనని నూనె చుక్కలు వేసుకుని వారం గడపవద్దు. అది చెవి నరం దెబ్బతినడమైతే స్టెరాయిడ్ మందు ఎంత తొందరగా, రెండు వారాలు దాటకముందే, పడితే అంత మేలు.

ప్రశ్న: నా వయసు 41. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. ఏడాదిగా రెండు మూడు నెలలకొకసారి ఎడమ చెవి దిమ్మెక్కినట్లు బిగుసుకుని, అందులో హోరు మొదలై, తరువాత రెండు మూడు గంటలు విపరీతంగా కళ్లు తిరిగి వాంతులవుతున్నాయి. తగ్గాక చెవి కొన్నాళ్లు మందగించి, మళ్లీ తేరుకుంటుంది. చెవి డాక్టరు గారు మెనియర్స్ కావచ్చన్నారు. పచ్చళ్లు మానమన్నారు. ఆవకాయ లేకుండా నాకు ముద్ద దిగదు. నిజంగా మానాలా? చెవి పోతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ వర్ణన ఆ జబ్బుకు దగ్గరగానే ఉంది. పారిస్‌లో ప్రోస్పర్ మెనియర్ 1861లో ఇలాంటి రోగులను వర్ణించి, అప్పటిదాకా మెదడు జబ్బని అనుకున్నది లోపలి చెవిదని వాదించారు. లోపలి చెవి ద్రవం పరిమాణం, ఒత్తిడి పెరగడం ఇందులో కనిపించే మార్పు. ఇరవై నిమిషాల నుంచి పన్నెండు గంటల దాకా ఉండే తిప్పుడు కనీసం రెండుసార్లు రావడంతో పాటు, ఆ చెవిలో మంద్రస్థాయి శబ్దాలు వినపడడం తగ్గినట్లు ఆడియోగ్రాములో, అంటే వినికిడి పరీక్ష కాగితంలో, నమోదైతేనే ఖాయమంటారు. కనుక చెవి తేరుకున్నాక తీసిన ఆడియోగ్రాము సరిపోదు. చెవి మందగించి ఉన్న రోజుల్లోనే మళ్లీ ఒకటి తీయించండి. పాత కాగితాలు ఒక్కటి కూడా పారేయవద్దు, ఈ జబ్బులో రెండు ఆడియోగ్రాముల మధ్య తేడాయే అసలు సాక్ష్యం. చెవి నరం మీద గడ్డ లేదని రూఢి చేసుకోవడానికి ఒకసారి ఎం.ఆర్.ఐ. తీయించడం ఇందులో న్యాయమే.

ఆవకాయ గురించి నిజాయితీగా చెబుతాను. ఉప్పు తగ్గిస్తే ఈ జబ్బు అదుపులో ఉంటుందన్నదానికి గట్టి రుజువు లేదు, అయినా ఖర్చు లేని ప్రయత్నం కనుక మేమంతా చెబుతాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక చిన్న చెంచాడు. గుంటూరు భోజనంలో ఒక పూట ఆవకాయ, గోంగూర, అప్పడం, ఊరమిరపకాయ కలిస్తేనే ఆ హద్దు దగ్గరికి వెళతాము. పూర్తిగా మానమని నేను అనను. మధ్యాహ్నం ఒక్క ముద్దకు, గోలీకాయంత పచ్చడితో సరిపెట్టుకోండి. రాత్రి వద్దు. మజ్జిగలో ఉప్పు మానండి, అది నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. మూడు నెలలు అలా చేసి, తిప్పుడు వచ్చిన తేదీలు క్యాలెండరు మీద గుర్తుపెట్టుకుంటే మీ విషయంలో పనిచేస్తోందో లేదో మీకే తేలుతుంది. బీటాహిస్టీన్ వాడేది ప్రధానంగా ఈ జబ్బుకే. దాని మేలు మీద వైద్యుల్లో భేదాభిప్రాయాలున్నా, మీ డాక్టరు రాస్తే కొన్నాళ్లు వాడి చూడవచ్చు.

చెవి పూర్తిగా పోవడం అందరికీ జరగదు, ఏళ్ల మీద కొంత మందగించడం మాత్రం చాలామందిలో ఉంటుంది. మందులకు లొంగనివారికి కర్ణభేరి గుండా లోపలికి స్టెరాయిడ్ సూది వేస్తారు. జెంటామైసిన్ సూది కూడా ఉంది కాని, అది ఆ చెవి నిలకడ శక్తిని చంపి తిప్పుడును ఆపుతుంది, వినికిడికీ ముప్పు తేవచ్చు. మీ వయసులో ఆ మాట ఎవరైనా మొదటి నెలలోనే ఎత్తితే రెండో అభిప్రాయం తీసుకోండి. చెవి బిగుసుకోవడం మొదలైన రోజున బండి నడపవద్దు, యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) గుట్టలు ఎక్కవద్దు.

ప్రశ్న: మా మామగారికి 77 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. పొద్దున మంచం మీద నుంచి లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి రెండుసార్లు పడబోయారు. కూర్చుంటే తగ్గుతోంది. పడుకుని ఎటు ఒత్తిగిలినా ఏమీ కాదు. చెవిలో హోరు లేదు. బీపీకి రెండు రకాల మాత్రలు, ప్రోస్టేట్‌కు ఒకటి వాడుతున్నారు. ఏ చెవి డాక్టరుకు చూపించాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చెవి డాక్టరుకు అక్కరలేదమ్మా, బీపీ మాత్రలు రాసిన డాక్టరు దగ్గరికే తీసుకువెళ్లండి. పడుకుని ఒత్తిగిలితే రాకుండా, నిలబడితేనే వచ్చి, కూర్చుంటే పోయేది చాలావరకు రక్తపోటు పడిపోవడం వల్ల వచ్చేదే. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు ఒక్కోసారి బీపీ చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే కారణం దొరికినట్లే. కూర్చోబెట్టి ఒక్కసారి మాత్రమే చూస్తే ఇది తెలియదు కనుక, నిలబెట్టి చూడమని మీరే అడగండి. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ వంటి మాత్రలు రక్తనాళాలను సడలించి బీపీని తగ్గిస్తాయి, బీపీ మాత్రలతో కలిసినప్పుడు ఆ ప్రభావం పెరుగుతుంది. ఒక్కోసారి మోతాదు తగ్గించడం, వేసుకునే వేళ మార్చడం చాలు, అది డాక్టరే చేయాలి. గుండె లయ తప్పుతోందేమో తెలుసుకోవడానికి ఒక ఇ.సి.జి. కూడా తీయించండి. మన వేసవిలో చెమటతో నీరు, ఉప్పు పోయి ఇది ఎక్కువవుతుంది. రాత్రి మూత్రానికి లేవాలని సాయంత్రం నుంచి నీళ్లు మానేసే అలవాటు పెద్దవారిలో ఉంటుంది, అడిగి చూడండి. లేచేటప్పుడు ఒక పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడదీసి, పిక్కలను పదిసార్లు బిగించి వదిలి, రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబడమనండి. రాత్రి స్నానాలగది దాకా ఒక చిన్న దీపం వెలుగుతూ ఉండనివ్వండి. మంచం పక్కన గట్టి కుర్చీ ఒకటి వేసి ఉంచండి, ప్లాస్టిక్‌ది కాదు, అది పట్టుకోగానే జారుతుంది.